సరిజోడు

పెద్దమనిషి చొక్కాని తిరగేసి చంకల కింద కుట్లు చూశాడు. జేబులోంచి టేపు తీసి కాలరు కొలిచాడు. గుండీలు ఒక్కొక్కటే లాగి చూసి, లోపలి అంచున అదనంగా కుట్టే గుండీ కోసం వేళ్ళతో తడిమాడు. అది లేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ధరలక్క వైపు తిరిగాడు.

"మా దగ్గర ఈ రకం చొక్కాకి లోపల ఇంకో గుండీ ఉంటుందమ్మా. ఇది దానికి సరిజోడు కాదు."

"గుండీ ఊడితే మేం పిన్నీసు పెట్టుకుంటాం లెండి," అంది ధరలక్క. "రాసుకోండి, రెండో రకం."

బట్టల కొట్టాయన మొహం మాడ్చుకున్నాడు. "రెండో రకమేంటక్కా? పొద్దున్నే ఇంకా బోణీ కూడా కాలేదు."

"నీ సరుకుని కాదయ్యా అన్నది. లెక్కలో మాట."

సంగతి తెలియని వాళ్ళకి వాళ్ళిద్దరూ కొనే ఉద్దేశం లేకుండా కొట్లన్నీ తిరిగే పనిలేని మనుషుల్లా కనిపిస్తారు. ఇక్కడ రెండు దీవులున్నాయి. ఆకాశం తేటగా ఉన్న రోజు ఈ దీవి రేవులో నిలబడితే ఆ దీవి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. రెండూ రెండు దేశాలు, రెండు ప్రభుత్వాలు, రెండు రకాల డబ్బు. ఏ దేశం దేని మీద ఎంత ఖర్చు పెడుతోందో కొన్నేళ్ళకోసారి పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న వ్యవహారం. డబ్బే వేరైనప్పుడు అంకెలు పక్కపక్కన పెట్టి లాభం లేదు, ఆ డబ్బుకి ఏమొస్తుందో చూడాలి. అందుకని అక్కడి చొక్కా, ఇక్కడి చొక్కా. అక్కడి రొట్టె, ఇక్కడి రొట్టె. అక్కడి క్షవరం, ఇక్కడి క్షవరం. పోయిన నెల ధరలక్క ఈ దీవి గణాంక శాఖ తరఫున ఆ దీవికి వెళ్ళి వారం రోజులు తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ దీవి గణాంక శాఖ నుంచి ఈ పెద్దమనిషి వచ్చాడు. ప్రతి వస్తువునీ ఇద్దరూ చూడాలి. రెండుచోట్లా ఒకటే అయితే 'సరిజోడు' అని రాయాలి, నాసిగా ఉంటే 'రెండో రకం', ఒకచోట అసలు లేకపోతే 'దొరకదు'. రాసిన ప్రతి వరస కిందా ఇద్దరి సంతకాలూ ఉండాలి.

ధరలు రాసుకునే ఆమెని ధరలక్కని చేసిన బజారు, రెండోరోజు మధ్యాహ్నానికే ఆయనకి సరిజోడాయన అని పేరు పెట్టేసింది. ఆయనకి కోపం రాలేదు. మంగలి కుర్చీలో కూర్చుని సగం క్షవరం అయ్యాక, "ఇక్కడ మెడ మీద పౌడరు వెయ్యరా?" అని అడిగితే మంగలి, "వేస్తే మొదటి రకం అవుతానా బాబూ?" అన్నాడు. "అవుతావు," అన్నాడాయన, నవ్వకుండా. మంగలి డబ్బా అంతా కుమ్మరించాడు. మంగలి మర్యాదకి పౌడరు వేశాడు గాని రోజూ వెయ్యడని ధరలక్క చెప్పింది. ఆయన ఆమె మాటే రాసుకున్నాడు.

ఈ దీవి వాళ్ళకి ఆ దీవంటే కడుపుమంట. అక్కడ రోడ్లు బాగుంటాయనీ, అక్కడ కరెంటు పోదనీ చిన్నప్పట్నుంచీ వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఇన్నేళ్ళుగా ఎప్పుడు లెక్క తీసినా వీళ్ళే వెనక. ఈసారి మాత్రం గాలి మారిందని ఎక్కడో పొక్కింది. ధరలక్క రొట్టెల కొట్లో తూకం చూస్తుంటే రొట్టెలాయన, చేపల దగ్గర చేపలామె, చివరికి బస్సు కండక్టరు కూడా ఒకటే ప్రశ్న.

"ఈసారి మనమేనటగా అక్కా ముందు?"

"ఇంకా తేలలేదు," అనేది ధరలక్క.

"నీ చేతిలో పనే కదా, తేల్చెయ్," అనేవాళ్ళు. ఆమె చేతిలో సంచీ బరువెక్కినట్టుండేది.

గణాంక శాఖ డైరెక్టరు గదిలో గోడ మీద రెండు గీతలున్న పటం వేలాడుతోంది. నీలం గీత ఆ దీవిది, ఎర్ర గీత ఈ దీవిది. ఎర్ర గీత ఇరవై ఏళ్ళపాటు నీలం గీత కింద నక్కి నక్కి నడిచి, చివర్లో ఒక్కసారి తలెత్తి దాన్ని దాటేసింది. దాటిన చోట డైరెక్టరు పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పెట్టుకున్నాడు.

"ఆస్పత్రుల ఖర్చులో కొట్టాం," అన్నాడు. "ఆ ఒక్క వరసా మిగిలింది. నర్సు దగ్గర సరిజోడు అని రాయించి సంతకం పెట్టించెయ్. శనివారం రాత్రికల్లా మంత్రిగారి దగ్గరికి వెళ్ళాలి."

ఎలా కొట్టారో ధరలక్కకి తెలుసు. చొక్కాకి ధర ఉంటుంది గాని సర్కారు ఆస్పత్రిలో చూసే చూపుకి ధర ఉండదు. అందుకని నర్సు జీతాన్నే ధరగా పట్టుకుంటారు. ఆస్పత్రి మీద పెట్టిన మొత్తాన్ని ఆ జీతంతో భాగిస్తే ఎంత సేవ జరిగిందో తేలుతుందని లెక్క. ఇక్కడ నర్సుల జీతం పెంచి ఏళ్ళు గడిచిపోయాయి. ఈలోపు ఆస్పత్రికి కొత్త భవనం లేచింది, గుమ్మం నిండా చలవరాయి పరిచారు, అద్దాల తలుపులు పెట్టారు. ఆ చలవరాయి ఖర్చుని కూడా కలిపి నర్సు జీతంతో భాగించేసరికి, దీవి నిండా నర్సులు కిటకిటలాడుతున్నట్టు తేలింది. అది నిలవాలంటే ఇక్కడి నర్సూ అక్కడి నర్సూ సరిజోడని పడాలి. నర్సుకి ఎంత తక్కువిస్తే దేశం అంత గొప్పదైపోయే లెక్క ఇది. అన్యాయమని మొదటిసారే ఆమెకి తెలిసింది. కానీ అప్పట్లో అది కాగితం మీది అన్యాయం.

ఇప్పుడు అది ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ధరలక్క చెల్లెలు ఆ ఆస్పత్రిలోనే ఆడవాళ్ళ వార్డులో నర్సు. మూడు వారాల కిందట ఆ వార్డులో బాలింత ఒకామె రక్తం ఆగక చనిపోయింది. బెల్లు మోగినా నర్సు వెళ్ళలేదని చెల్లెలి మీద విచారణ వేశారు. వార్డు ఆ చివర ఇంకొకామెకి ఫిట్స్ వస్తే పట్టుకుని ఉన్నాననీ, ముప్ఫై రెండు మంచాలకి తనొక్కతేననీ చెల్లెలు రాసిచ్చింది. దానికి సూపరింటెండెంటు జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. తాజా లెక్కల ప్రకారం మన దేశంలో నర్సింగు సేవ పక్క దేశం కన్నా ఎక్కువగానే ఉంది కాబట్టి మనుషులు చాలలేదన్న సాకు చెల్లదు. తుది లెక్కలు అందాక సోమవారం నిర్ణయం. ఆ లెక్కల కింద ఉండబోయే సంతకం ధరలక్కది. సరిజోడు అని పడితే చెల్లెలి ఉద్యోగం ఊడుతుంది, ఊడటంతో పాటు చంపిందన్న పేరు మిగులుతుంది.

"నర్సుని మేమిద్దరం చూడలేదండీ ఇంకా," అంది డైరెక్టరుతో.

"జీతం కాగితం వచ్చిందిగా, చూసేదేముంది? నర్సు నర్సే."

గుమ్మం దగ్గర నిలబడ్డ సరిజోడాయన దగ్గాడు. "ప్రతి వస్తువూ ఇద్దరూ చూడాలని ఉందండీ నిబంధన. చొక్కా గుండీ చూసి నర్సుని చూడకపోతే బాగుండదు."

మెట్లు దిగుతూ ధరలక్క ఆయనకి ఉన్నమాట చెప్పేసింది. "మనం చూడబోయే వార్డులో నర్సు నా చెల్లెలండీ. దాని మీద విచారణ నడుస్తోంది. మన కాగితం మీదే అది తేలుతుంది. తర్వాత తెలిస్తే బాగుండదని ముందే చెబుతున్నా."

ఆయన మెట్టు మీద ఆగాడు. "అయితే నేను ఇంకాస్త గట్టిగా చూడాలి," అన్నాడు.

*

"రేపు మధ్యాహ్నం డ్యూటీకి మేం వచ్చి కూర్చుంటాం," అని ఆ సాయంత్రం చెల్లెలికి చెప్పింది ధరలక్క. చెల్లెలు వంటింట్లో గట్టు మీద కూర్చుని యూనిఫారం జేబు కుట్టుకుంటోంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు ముందు గదిలో, అక్క వెనక గదిలో. వంటిల్లు ఇద్దరిదీ.

"వచ్చి?"

"నువ్వేం చేస్తావో చూసి రాసుకుంటాం. నువ్వేం హడావిడి పడకు. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి. అందనిది వదిలెయ్. అందలేదని ఆయన కంటపడాలి."

"కంటపడితే ఏం రాస్తారు?"

ధరలక్క పొయ్యి మీద పాలు చూస్తూ నిలబడింది. "రెండో రకం అని."

చెల్లెలు దారం పళ్ళతో కొరికి తెంపింది. "అంటే నేను వాళ్ళ నర్సుల కన్నా నాసిరకం అని."

"నిన్ను కాదే. లెక్కలో మాట."

"సోమవారం ఆ గదిలో కూర్చునేవాళ్ళకి లెక్కలో మాట ఏదో, నా మాట ఏదో తెలుస్తుందా అక్కా? రెండో రకం నర్సు, అందుకే ఆవిడ పోయింది అంటారు. నీ సంతకం చూపించి మరీ అంటారు."

ఈ మాట ధరలక్కకి తట్టలేదు. తట్టనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

*

మర్నాడు వార్డు తలుపు పక్కన రెండు స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. సరిజోడాయన నడుం నిటారుగా పెట్టి, మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద కాగితం. రెండు వరసల మంచాలు, మధ్యలో దారి, ఆ చివర కిటికీలు. చెల్లెలు వాళ్ళకి నమస్కారం పెట్టి మళ్ళీ ఇటు చూడలేదు.

మొదట మందుల బండి. మాత్రలు చిన్న మూతల్లో పోసి, మంచం దగ్గర చీటీ చదివి, మింగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని పక్క మంచానికి. అది సగంలో ఉండగా బెల్లు. బండికి తాళం వేసి, నడక ఆపకుండానే జేబులోంచి గ్లవ్స్ లాగి తొడుక్కుంది. లేవలేని ముసలామెని ఒక పక్కకి తిప్పి, తడిసిన దుప్పటి వీపు దాకా చుట్టి, పొడి దుప్పటి అంతే పరిచి, ఈ పక్కకి తిప్పి, తడిది లాగేసింది. ముసలామె ఒక్కసారి మూలిగేలోపు పని అయిపోయింది. సరిజోడాయన కలం ఆగిపోయింది.

ధరలక్కకి తెలుసు. చెల్లెలు రోజూ ఇలా చెయ్యదు. రోజూ ఇలా చెయ్యడం ఎవరి వల్లా కాదు. అవతలి దీవి మనిషి కాగితం పట్టుకుని కూర్చున్నాడు కనక చేస్తోంది. ఈ దీవిలో పుట్టినవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది, వాళ్ళ ముందు తగ్గకూడదు. 'వదలవే, ఏదో ఒకటి వదిలెయ్' అని ధరలక్క లోపల మొత్తుకుంటూనే ఉంది.

కాసేపటికి ఒక మంచం దగ్గర సెలైను స్టాండు కొక్కెం ఊడింది. చెల్లెలు ఒక చేత్తో సీసా పైకెత్తి పట్టుకుని ఇటు తిరిగింది. "బాబాయిగారూ, మీరు ఊరికే ఉన్నారుగా. ఇది కాస్త పట్టుకుంటారా?"

ఆయన అట్ట స్టూలు మీద పెట్టి వెళ్ళి సీసా పట్టుకున్నాడు. "ఇంకొంచెం పైకి," అంటే ఇంకొంచెం ఎత్తాడు. ఆ వెంటే ముసలామె నీళ్ళడిగితే ధరలక్క లేచింది. లేచినామె కూర్చోలేదు. ఒకామెని బాత్‌రూముకి నడిపించింది, ఒక పసివాడికి పాలసీసా పట్టింది, డాక్టరు వస్తే తలుపు తీసింది. చెల్లెలు చూపుతో చెప్పేది, ఈమె వెళ్ళేది. ఇంజెక్షన్లన్నీ వేళకి పడ్డాయి. ఏ బెల్లూ రెండోసారి మోగలేదు. డ్యూటీ దిగేసరికి వార్డు కడిగిన పళ్ళెంలా ఉంది.

బయట చలవరాయి వరండాలో సరిజోడాయన కాగితం తీశాడు.

"అమ్మా, నా సర్వీసులో ఇలాంటి పని చూడలేదు. మా వార్డుల్లో ఎలా జరుగుతుందో అచ్చం అలాగే జరిగింది. ఒక్క వంక లేదు." కలం మూత తీసి 'సరిజోడు' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు.

"మీ దగ్గర ఇన్ని మంచాలకి ముగ్గురుంటారండీ. పోయిన నెల నా కళ్ళతో చూశాను."

"ఉంటారు. కాని కాగితం అడిగేది పని జరిగిందా లేదా అని. జరిగింది." ఆయన గొంతులో బాధ ఉంది. "దీంతో మా దీవి వెనకపడుతుంది, తెలుసు. మావాళ్ళు నన్ను దులిపేస్తారు. అందుకని లేని వంక పెట్టలేను కదమ్మా."

మంచివాడు కావడం వల్లనే చేస్తున్నాడని అర్థమయ్యాక ధరలక్కకి తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు. "నా సంతకం రేపు పెడతాను," అంది.

*

చెల్లెలు వేడినీళ్ళ బక్కెట్లో కాళ్ళు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. చీలమండలు వాచి, మేజోళ్ళ అంచు పడ్డచోట ఎర్రగా గాడి కట్టింది.

"ఏమన్నాడు?"

"సరిజోడు అన్నాడు."

చెల్లెలు కళ్ళు తెరిచింది. "వాళ్ళ నర్సులకా? నేనా?" మొహం ఒక్కసారి విప్పారింది. మూడు వారాలుగా ఆ మొహంలో ఆ వెలుగు చూడలేదు ధరలక్క. "అచ్చం అలాగే అన్నాడా? ఏ మాటన్నాడో చెప్పు."

"నీకేమైనా మతి ఉందా?" ధరలక్క కోపం తన్నుకొచ్చింది. "సోమవారం నిన్ను ఇంటికి పంపించే మాట అది. ఒక్క పూట, ఒక్క పని తక్కువ చేస్తే నీ సొమ్మేం పోయేదే?"

"ఎవరికి తక్కువ చెయ్యమంటావు?"

"ఎవరికో ఒకరికి."

"అలా కాదు. నెంబరు చెప్పు. ఏ మంచానికి?"

ధరలక్క పాలసీసా పట్టిన పసివాడు, బాత్‌రూముకి నడిపించినామె, ముసలామె, అందరూ కళ్ళ ముందు మెదిలారు. చెల్లెలు బక్కెట్లోంచి ఒక కాలు తీసి తువ్వాలు మీద పెట్టింది. మొహంలో వెలుగు మెల్లిగా ఆరిపోయింది.

"ఆ రోజు కూడా ఇలాగే చేశానక్కా. అచ్చం ఇలాగే పరిగెత్తాను. ఆ ఫిట్సు మనిషిని వదిలితే మంచం మీంచి పడిపోతుంది. బెల్లు వినపడుతూనే ఉంది. ఇవాళ్టిలా ఎవరైనా ఒకళ్ళు ఆమెని పట్టుకుని ఉంటే రెండో ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని." కన్నీళ్ళు తుడుచుకోలేదు, చేతులు తువ్వాలు పిండుతూనే ఉన్నాయి. "ఎవరూ లేరు."

ధరలక్క పక్కన నేల మీద కూర్చుంది. చెల్లెలి రెండో కాలు తీసి తుడుస్తూ చాలాసేపు ఆ మాటే ఆలోచించింది.

*

శనివారం పొద్దున సరిజోడాయన బస దగ్గర టీ దుకాణంలో దొరికాడు. ఎడమ చేత్తో కప్పు పట్టుకుని తాగుతున్నాడు. కుడి భుజం మీద మందు పట్టీ అంచు చొక్కాలోంచి కనిపిస్తోంది.

"భుజానికి ఏమైందండీ?"

"సీసా పట్టుకున్నాను కదమ్మా. వయసైపోయింది, పట్టేసింది."

"ఎంతసేపు పట్టుకున్నారు?"

"అది అయిపోయేదాకా. తర్వాత ఇంకోటి." ఆయన కప్పు పెదవుల దాకా తెచ్చి ఆగాడు.

"నేను కూర్చున్నానా నిన్న?" అంది ధరలక్క. "పాలు పట్టాను, నడిపించాను, తలుపు తీశాను. మీరు సీసా. మా చెల్లెలు. మొత్తం ముగ్గురం. మీ దగ్గరా ముగ్గురే. పని అచ్చం అలాగే జరిగిందంటే జరక్కేం చేస్తుంది?"

ఆయన కప్పు దించాడు. జేబులోంచి కాగితం తీసి, నిన్న గుండ్రంగా రాసిన మాట మీద వేలితో ఒకసారి రుద్దాడు, చెరిగిపోతుందేమో అన్నట్టు.

"చూడ్డానికి వెళ్ళి చేతులు పెట్టాను," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. పదండి, మళ్ళీ చూడాలి. ఈసారి చేతులు కట్టుకుని."

మధ్యాహ్నం డ్యూటీలో వార్డులోకి వెళ్ళగానే చెల్లెలికి ఆ మాటే చెప్పాడు. "ఇవాళ మమ్మల్ని ఏదీ అడక్కమ్మా. మేం లేమనుకో." చెల్లెలు ఆయన్నీ అక్కనీ చూసి, తలూపి వెళ్ళిపోయింది. కొక్కెం ఊడిన స్టాండు పక్కన పెట్టేసి, సీసాని బ్యాండేజీ గుడ్డతో కిటికీ చువ్వకి కట్టింది. మంచం కిటికీ దాకా జరుపుకోవాల్సి వచ్చింది. ఒంటరిగా, ఒక్కో కోడే లాగుతూ జరిపింది. సరిజోడాయన చేతులు కట్టుకున్నాడు. ధరలక్క రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మొదటి గంట ఎలాగో గడిచింది. తర్వాత అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. ముసలామె నీళ్ళు అడిగింది. మళ్ళీ అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి గ్లాసు వైపు చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఎవరో వాంతి చేసుకున్నారు. బెల్లు మోగి ఆగి, ఇంకో మంచం దగ్గర మోగింది. చెల్లెలు పరిగెడుతూనే ఉంది. నిన్నటి కన్నా వేగంగానే పరిగెడుతోంది. మందుల బండి సగం వరసలో ఆగిపోయి అక్కడే ఉంది. సరిజోడాయన కాగితం మీద ఏమీ రాయడంలేదు. చేతులు ఇంకా గట్టిగా బిగించాడు.

అవతలి వరసలో జ్వరంతో మగతగా పడుకున్న బాలింత పక్కకి ఒత్తిగిలింది. ఆమె పక్కలో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ మంచం అంచుకి జరిగింది. ఆమె మళ్ళీ మూలిగి కదిలింది. గుడ్డ కొస అంచు దాటి వేలాడింది.

చెల్లెలు ఆ చివర కిటికీ దగ్గర ఒకామె చేతిలో సూది దింపి నరం పట్టుకుని ఉంది.

"అమ్మా, ఆ మంచం," అన్నాడు సరిజోడాయన.

"చూశాను." చెల్లెలు కళ్ళు బిడ్డ మీదే ఉన్నాయి, వేళ్ళు సూది మీద ఉన్నాయి. "ఇది వదిలితే రక్తం చిమ్ముతుంది. ఒక్క నిమిషం."

ఆయన ధరలక్క వైపు చూశాడు. ధరలక్క కదల్లేదు. కదలకూడదని కాదు, కదిలితే మళ్ళీ సరిజోడు అంటాడని. ఆ ఒక్క క్షణం తన గురించి తనకి తెలిసిపోయిన సంగతి ఆమె జీవితాంతం మర్చిపోలేదు. చెల్లెలు బతకాలని ఎవరి బిడ్డో మంచం అంచున జారుతుంటే చూస్తూ కూర్చుంది. స్టూలు వెనక్కి పడిన చప్పుడైంది. సరిజోడాయన మంచాల మధ్యనుంచి పరిగెత్తాడు. బిడ్డ తల నేలకేసి వాలుతుండగా గుడ్డతో సహా రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

బిడ్డ ఏడ్చింది. ఆయనకి ఎలా ఎత్తుకోవాలో తెలియలేదు. పళ్ళెం పట్టుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకుని దారి మధ్యలో నిలబడిపోయాడు. ధరలక్క లేచి, వెళ్ళి, ముసలామె చాపిన చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది. ఆ తర్వాత డ్యూటీ దిగేదాకా ఇద్దరూ మళ్ళీ కూర్చోలేదు.

చెల్లెలు చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆయన నర్సు బల్ల దగ్గర కాగితం పరిచి ఉన్నాడు. నిన్నటి మాట మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

"రెండో రకమా?" అంది చెల్లెలు. గొంతులో ఏమీ లేదు. "రాసుకోండి. చూశారుగా."

"లేదమ్మా," అన్నాడాయన. "రెండో రకం అంటే పనిలో నాసి. నాకు నాసి కనపడలేదు. ముప్ఫై రెండు మంచాలకి ఒక్కతే నిలబడే మనిషి కనపడింది. అలాంటి నర్సు మా దీవిలో ఎక్కడా లేదు. ఒకచోట లేని వస్తువుని పోల్చకూడదని నిబంధన." కలం తీసి, తన దీవి పేరున్న గడిలో 'దొరకదు' అని రాశాడు. వెనక పక్క కారణం రాయమన్న చోట ఇంకొక్క వాక్యం రాశాడు. పరిశీలకులు ఇద్దరూ ఒక్క పూటైనా చేతులు కట్టుకుని కూర్చోలేకపోయారు.

ధరలక్క అది చదివి, కింద తన పేరు పెట్టింది. ఇద్దరూ అన్నది అబద్ధం, బిడ్డ జారుతుంటే కూర్చోలేకపోయింది ఆయనొక్కరే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఈ వరస కొట్టేస్తే మావాళ్ళు ముందున్నట్టే ఉండిపోతారు," అన్నాడాయన. "అందుకే కొట్టేశానని మీ డైరెక్టరుగారు అంటారు."

"ఒంటికాలి మీద లేస్తాడు. నన్నూ కలిపే అంటాడు," అంది ధరలక్క. "అననివ్వండి. సోమవారం విచారణలో దీని ముందు పెట్టడానికి మాత్రం వాళ్ళ దగ్గర ఏ లెక్కా లేదు."

"మనుషుల్ని ఇస్తారా మరి?" అంది చెల్లెలు.

ఆయన కాగితం మడిచి, లేచి, చెల్లెలికి రెండు చేతులూ జోడించాడు. ఏదో మంచిమాట అనాలని వెతుక్కున్నట్టుంది. "నీలాంటిది మా దగ్గర నిజంగానే దొరకదమ్మా," అన్నాడు.

నిన్న ఈ మాట విని ఉంటే చెల్లెలు పొంగిపోయేది. ఇప్పుడామె వార్డు వైపు చూసింది. మంచం అంచున బిడ్డ జారినచోట ధరలక్క అడ్డంగా పెట్టిన దిండు ఇంకా అక్కడే ఉంది.

"దొరక్కపోవడమే మంచిదండీ," అంది. బెల్లు మోగింది. డ్యూటీ దిగాల్సిన వేళ దాటిపోయినా, రాత్రి నర్సు ఇంకా రాలేదు కనక, అటు నడిచింది.